రెండు వాటాల బంతి

లాండ్రీలో అందరూ అతన్ని పుర్రచెయ్యి అనే పిలుస్తారు. పిలిస్తే పలుకుతాడు, కోపగించుకోడు. ఇరవై రెండేళ్లుగా ఒకే బల్ల ముందు నిలబడి పొగలు కక్కే పెట్టెతో వేగుతున్న మనిషికి ఆ మాత్రం ఓర్పు లేకపోతే ఎలా? ఆ లాండ్రీలో నాలుగు ఇస్త్రీ బల్లలు ఉంటాయి. మూడు ఒకవైపు చూస్తుంటాయి. నాలుగోది మాత్రం మిగతా మూడింటి మీద అలిగినట్టు రెండోవైపు తిరిగి ఉంటుంది. ఆ అలిగిన బల్ల అతనిది.

పనిలో చేరిన రోజున, ఏ విషయమైనా ముందే చెప్పేస్తే మంచిదని, యజమాని ఎదుట చేతులు కట్టుకుని, "నాది ఎడమ చేతివాటమండీ" అన్నాడు. ఆ వేళ యజమానికి పడిశం పట్టి చెవులు గుయ్‌మంటున్నాయి. మొదటి రెండు మాటలూ గాల్లో కలిసిపోయి చివరిది ఒక్కటే ఆయన చెవిన పడింది. తనకు చేతివాటం ఉందని తన నోటితోనే ఒప్పుకున్న మనిషిని ఆయన అంతవరకూ చూడలేదు. ఆ నిజాయితీకి ముచ్చటపడి పనిలో పెట్టుకున్నాడు గానీ, నెల తిరిగేదాకా రోజూ సాయంత్రం చేతిరుమాళ్లు మాత్రం తానే స్వయంగా లెక్కపెట్టుకున్నాడు. ఒక్కటీ తగ్గకపోయేసరికి కాస్త నిరుత్సాహపడ్డాడని కూడా అంటారు.

ఎడమ చెయ్యి అయితేనేం, అతను మడిచిన చొక్కాకు వంక పెట్టినవాడు లేడు. ముందు కాలరు, తర్వాత భుజాలు, తర్వాత చేతులు, చివరికి వీపు. అట్టముక్క చుట్టూ తిప్పి మడిచాడంటే ఆ చొక్కా విప్పి వేసుకోవడానికి కూడా జనానికి మనసొప్పదు. అతనికి ఉన్న గర్వమంతా ఆ మడతలోనే ఉంది. ఇంకెందులోనూ గర్వపడేంత సందు జీవితం అతనికి ఇవ్వలేదు, అతనూ అడగలేదు.

అయితే చిక్కెక్కడంటే, అతని భార్య కూడా మడతల మనిషే. ఆమె కవర్లు చేసేచోట పనిచేస్తుంది. కాగితం బల్ల మీద పరిచి, నాలుగు రెక్కలూ లోపలికి తిప్పి, నున్నటి చెక్కబద్దతో ఒక్క గీత గీస్తే కవరు తయారు. పంతొమ్మిదేళ్లుగా అదే పని. ఆమె చేసిన కవరు మూల మీద వేలు పెట్టి చూస్తే జాగ్రత్తగా ఉండాలి, తెగుతుంది. ఇంట్లో గుడ్డ మడత ఒకరిది, కాగితం మడత ఇంకొకరిది. ఎవరి రాజ్యం వాళ్లది.

ఆమెకు పనితో పాటు మాట కూడా ఉంది. సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతూ మొదలుపెట్టేది. జిగురు గిన్నెలో ఎవరి గాజు పడింది, మేస్త్రీ ఎవరిని చూసి ఎందుకు తుమ్మాడు, పొడుగు కవర్లలో పొట్టి ఉత్తరాలు పెట్టేవాళ్లు ఎటువంటి మనుషులు, అన్నీ చెప్పేది. అతను ఊ కొట్టేవాడు. రోజంతా బుస్సుబుస్సుమనే ఆవిరి మధ్య గడిపిన చెవులకు ఆ మాటలు చల్లగా తగిలేవి. తనకు ఆ మాటలంటే ఇష్టమని అతను ఆమెతో ఎప్పుడూ అనలేదు. అసలు ఆ సంగతి తనకు తెలుసని కూడా అతనికి తెలియదు, ఆ మాటలు ఆగిపోయేదాకా.

ఆగిపోవడానికి కారణం దుప్పటి.

ఒక ఆదివారం మేడ మీద ఆరిన పెద్ద దుప్పటిని ఇద్దరూ చెరో కొస పట్టుకుని మడుస్తున్నారు. అతను ఎడమ చేతిలోని మూలను పై నుంచి కుడి వైపుకు తెచ్చాడు. ఆమె కుడి చేతిలోని మూలను కింది నుంచి ఎడమ వైపుకు తెచ్చింది. దుప్పటి మధ్యలో మెలి పడింది. పెళ్లయిన నాటి నుంచీ అది అలా మెలి పడుతూనే ఉంది. మామూలుగా అయితే ఇద్దరూ నవ్వుకుని ఎవరో ఒకరు తమ మూలను రెండోవైపు నుంచి తెచ్చేవారు. ఆ రోజు ఎండ చురుక్కుమంటోంది, దుప్పటి మూడోసారి మెలి పడింది. అప్పుడు అతని నోటి నుంచి ఒక మాట జారింది.

"నీకసలు మడత పెట్టడమే రాదు."

పంతొమ్మిదేళ్లుగా మడత తప్ప మరో పని చేయని మనిషిని పట్టుకుని అనాల్సిన మాటా అది? ఆమె తన కొస వదిలేసింది. కిందికి దిగి వెళ్లి వాళ్లమ్మతో, మడత రాని మనిషితో ఆయనకు మాటలెందుకో అడగమని చెప్పింది. అంతే, ఆ తర్వాత అతనితో ఒక్క మాట లేదు. అతనూ పంతానికి పోయాడు. మూడో రోజుకే పంతం కరిగిపోయి బెంగ మిగిలింది గానీ, పంతం పోయిందని చెప్పుకోవడానికి కూడా నోరు తెరవాలి కదా. అది చేతకాలేదు.

ఇక ఇంట్లో మూడో మనిషి, ఆమె తల్లి, అతనికి అత్తగారు. మూడు వారాల కిందట గోడ గడియారంలో బ్యాటరీ మార్చబోయి స్టూలు మీంచి జారి, కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మోచేతి దాకా కట్టు. ఎడమ చేత్తోనే తినడం, ఎడమ చేత్తోనే తల దువ్వుకోవడం. ఇది చాలదన్నట్టు ఇప్పుడు కబుర్లు మోసే పని కూడా ఆవిడ మీదే పడింది. భార్యాభర్తలు ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని, "మీ అమ్మాయిని ఉప్పు ఇటు జరపమనండి అత్తయ్యా" అని ఒకరంటే, "ఉప్పు ఆయన చేతి పక్కనే ఉందని చెప్పమ్మా" అని ఇంకొకరు. వారం తిరిగేసరికి ఆవిడకు విసుగెత్తి కబుర్లను కత్తిరించడం మొదలుపెట్టింది. నాలుగు మాటలు చెబితే ఒకటే అందించేది. కొన్నాళ్లకు అదీ మానేసి వేలితో చూపించేది.

ఆవిడకు ఇంతకంటే పెద్ద బాధ వేరే ఉంది. వీధి చివరి గ్రంథాలయంలో పెద్దవాళ్లకు కాగితపు బొమ్మలు నేర్పే తరగతి ఒకటి నడుస్తోంది. అక్కడ ఆవిడకూ, పోస్టాఫీసులో పనిచేసి మానేసిన ఒకావిడకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఆ రెండో ఆవిడను అందరూ పోస్టమ్మ అంటారు. వచ్చే శనివారం ప్రదర్శన. ఒక్కొక్కరూ ముప్పై చదరపు కాగితాలతో ఒక్కో బంతి చేసి తేవాలి. జిగురు ఉండకూడదు, దారం ఉండకూడదు. పోస్టమ్మ బంతి అప్పుడే సగం అయిందని కబురు అందింది. ఈవిడకేమో కుడి చెయ్యి కట్టులో ఉంది.

అందుకని సోమవారం ఉదయం కూతుర్నీ అల్లుణ్నీ కూర్చోబెట్టి ముప్పై చదరాలూ ముందు పెట్టింది. పదిహేను నీలం, పదిహేను పసుపు. పక్కన తరగతి మాస్టారు బొమ్మ గీసి, ఎలా మడవాలో చేతిరాతతో రాసి అందరికీ పంచిన కాగితం. అది నకలుకు నకలు, అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. అద్దాలు సర్దుకుని ఆవిడ గట్టిగా చదివింది. ముక్కలన్నీ ఒకే "వాటగా" మడవాలి, అని ఉంది.

"వాటగా ఏమిటి, మాస్టారు దీర్ఘం పెట్టడం మర్చిపోయినట్టున్నారు," అంది ఆవిడ. "ఒకే వాటాగా అన్నమాట. ఒకరికి ఎక్కువా ఒకరికి తక్కువా ఉండకూడదట. నీకు పదిహేను, బాబుకు పదిహేను. రెండు వాటాలు. మళ్లీ నా దగ్గర పేచీ పెట్టద్దు."

వాటా పక్కాగా కుదిరింది. పసుపు ఆమెకు, నీలం అతనికి.

పని కష్టమైందేమీ కాదు. చదరాన్ని సగానికి మడిచి విప్పాలి. అటూ ఇటూ అంచుల్ని తలుపు రెక్కల్లాగా మధ్య గీత దాకా మూయాలి. ఎదురెదురు మూలలు రెండింటిని ఏటవాలుగా మడిచి రెక్కల కిందికి దోపాలి. చివరికి ఒక పక్కకు ఒరిగిన పలక లాంటిది వస్తుంది. దానికి రెండు కొసలు, రెండు జేబులు. ఒక ముక్క కొస ఇంకో ముక్క జేబులో దూరాలి. అలా మూడు కలిస్తే ఒక చిన్న గోపురం, ఇరవై గోపురాలు కలిస్తే బంతి.

ఇద్దరూ మడిచారు. అతను బల్ల దగ్గర, ఆమె వంటగదిలో గట్టు మీద. ఒకరి పని ఒకరికి కనపడకుండా మడిచారు. గుడ్డ మడిచేవాడికి కాగితం కూడా లొంగుతుందని అతను చూపించదలచుకున్నాడు. కాగితం ఎవరి సొత్తో ఆమె చూపించదలచుకుంది. మామూలు మనుషులు అరగంటలో ముగించే పనికి మూడు రోజులు పట్టింది. గురువారం సాయంత్రం టీ తాగాక రెండు కట్టలూ బల్ల మీదికి వచ్చాయి. ముప్పై ముక్కల్లో ఒక్కదాని అంచు కూడా వెంట్రుకవాసి తప్పలేదు. అత్తగారు పోస్టమ్మను తలుచుకుని నవ్వుకుంది.

నీలం ముక్కలు నీలంతో చక్కగా కలిశాయి. పసుపు ముక్కలు పసుపుతో ఇంకా చక్కగా కలిశాయి. నీలాన్ని పసుపుతో కలపబోతే కొస ఒకచోట ఉంటుంది, జేబు ఇంకోచోట ఉంటుంది. తోస్తే కాగితం నలుగుతోంది. తిప్పి పెట్టినా అంతే, బోర్లించి పెట్టినా అంతే. ఆయన ముక్కలు సరిగ్గా లేవని చెప్పమ్మా, అంది ఆమె. మీ అమ్మాయివే సరిగ్గా లేవేమో చూడమనండి, అన్నాడు అతను. వాటా సరిగ్గానే పంచాను, నన్నేమీ అనకండి, అంది అత్తగారు. ఆవిణ్ని ఎవరూ ఏమీ అనలేదు.

అతను ఒక నీలం ముక్క మీద ఒక పసుపు ముక్క పెట్టి చూశాడు. నీలం ఎడమకు ఒరిగింది. పసుపు కుడికి ఒరిగింది. అద్దంలో చూసుకున్నట్టు రెండూ ఒక్కలాగే ఉన్నాయి, ఎప్పటికీ కలవకుండా ఉన్నాయి. దుప్పటి గుర్తొచ్చింది. తల ఎత్తితే ఆమె కూడా ఆ రెండు ముక్కలనే చూస్తోంది. ఆమెకూ దుప్పటే గుర్తొచ్చిందని అతనికి అనిపించింది. కానీ ఆమె లేచి గిన్నెలు తోమడానికి వెళ్లిపోయింది. శనివారం ఉదయానికి బంతి లేకపోతే ఆ పోస్టమ్మ ముఖం తాను చూడలేననీ, ఎవరో ఒకరు మళ్లీ మడవాల్సిందేననీ, ఆ ఒకరు ఎవరో తనకు అనవసరమనీ అత్తగారు గోడకు చెప్పింది.

శుక్రవారం అతను పదిహేను ముక్కల్నీ చొక్కా డబ్బాలో పెట్టుకుని, మాస్టారి కాగితం జేబులో పెట్టుకుని లాండ్రీకి వెళ్లాడు. మధ్యాహ్నం తిండి వేళకు అందరూ బయటికి వెళ్లాక డబ్బా విప్పి, కాగితాన్ని కౌంటరు మీద పరిచాడు. అతనికి బంతితో పనిలేదు, పోస్టమ్మతో అసలే లేదు. మడత రాదన్న మాట వెనక్కి తీసుకోవాలి. నోటితో తీసుకోలేకపోయాడు, చేత్తోనైనా తీసుకోవాలి. ఆమె ముక్కలు సరైనవేనని తన ముక్కలతో ఒప్పుకోవాలి.

ముక్క విప్పి, ఏటవాలు మడతను రెండో మూలకు తిప్పాడు. అబ్బ, ఎంత పని. కుడి వాటంగా మడవడమంటే సొంత ఇంట్లో కిటికీలోంచి దూరినట్టుంది. వేళ్లు ఒకదానికొకటి అడ్డం వస్తున్నాయి. బొటనవేలు ఎక్కడుండాలో దానికే తెలియడం లేదు. నాలుగో ముక్క దగ్గర నాలుక బయటికి వచ్చింది, లోపలికి వెళ్లనంది.

అంతలో కోటు కోసం ఒక బడి పంతులమ్మ వచ్చింది. కౌంటరు మీదున్న కాగితాన్ని చూసి, ఉండబట్టలేక ఎర్ర కలం తీసింది.

"ఇక్కడ సున్నా ఎగిరిపోయింది," అంది. "ఒకే వాటంగా మడవాలి అని ఉండాలి. అన్నీ ఒకే చేతివాటంగా అని."

"దీర్ఘం కాదాండీ పోయింది?"

"దీర్ఘం ఎందుకు పోతుంది? ఇదిగో, సున్నా పెట్టిన చోటు మసగ్గా కనిపిస్తూనే ఉంది."

ఎర్ర సున్నా ఒకటి చుట్టి ఆవిడ కోటు తీసుకుని వెళ్లిపోయింది. అతను ఆ సున్నాను చాలాసేపు చూశాడు. కందిగింజంత సున్నా లేకపోయేసరికి వాటం కాస్తా వాటా అయి కూర్చుంది. తనకు చేతివాటం అంటగట్టి యజమాని నెల రోజులు రుమాళ్లు లెక్కపెట్టిన సంగతి గుర్తొచ్చింది. ఈ మాట తనను ఈ జన్మకు వదిలేలా లేదనుకున్నాడు. మిగతా ముక్కలన్నీ మడిచాడు. చెయ్యి ఆ వాటానికి ఎంత అలవాటు పడిందంటే, ఆ సాయంత్రం చొక్కాలన్నీ కుడి వాటంగానే మడిచేశాడు. యజమాని ఒకటి ఎత్తి చూసి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు.

ఇంటికి వచ్చేసరికి ఆమె అప్పటికే వచ్చి ఉంది. పసుపు కట్ట బల్ల మీద ఉంది. అతను నీలం కట్టను దాని పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. ముక్క ముక్కతో కలవగానే ఆమె ముఖం ఎలా ఉంటుందో చూడాలని గబగబా తిరిగి వచ్చి కూర్చున్నాడు.

అత్తగారు ఎడమ చేత్తో నీలం ముక్క తీసి పసుపు ముక్క జేబులోకి తోసింది.

దూరలేదు.

ఇంకోటి తీసింది. అదీ దూరలేదు. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. ఒకటి ఇటు, ఒకటి అటు. ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. నిన్నటి ముక్కల్నే తెచ్చి నా ముఖాన కొట్టారంది. ఇద్దరిలో ఒక్కరు కూడా అంగుళం కదల్లేదంది. ఇలాంటి మొండిఘటాలు ఇద్దరూ ఒకే ఇంట్లో పడటం తన తలరాత అంది.

అతను పసుపు ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. అది ఎడమకు ఒరిగి ఉంది. నిన్న కుడికి ఒరిగిన ముక్క. బొటనవేలితో దాని వీపు తడిమాడు. ఇస్త్రీ పెట్టె కింద ఎన్ని వేల మడతలు చెరిపాడో, ఏ మడత పాతదో ఏది కొత్తదో ఆ వేలికి చూడకుండానే తెలుస్తుంది. ఏటవాలు గీత పక్కన ఇంకో ఏటవాలు గీత ఉంది. చెక్కబద్దతో రుద్ది రుద్ది చెరపాలని చూసిన గీత. ఒక్క ముక్కకు కాదు, పదిహేనింటికీ ఉంది. పంతొమ్మిదేళ్లలో కవరు మీద వంకర గీత పడనివ్వని మనిషి, పుర్రచేతి వాటంగా పదిహేను ముక్కలు మడిచింది. కొన్ని అంచులు కాస్త ఎగుడుదిగుడుగా కూడా ఉన్నాయి. అంత అందమైన మడత అతను ఎన్నడూ చూడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిరి వల్ల అని చెప్పుకోవడానికి అది లాండ్రీ కూడా కాదు.

ఎదురుగా ఆమె ఒక నీలం ముక్కను దీపానికి ఎదురుగా పట్టుకుని చూస్తోంది. చాలాసేపు చూసింది.

"ఏమండీ," అంది.

పంతొమ్మిది రోజుల తర్వాత విన్న ఆ మాటకు అతను పలకడం కూడా మర్చిపోయాడు.

"ఏమండీ, మిమ్మల్నే. ఇప్పుడు ఎటు మడుద్దాం?"

"నీ వాటంగానే మడుద్దాం," అన్నాడు. "నీకు మడత రాదన్నాను చూడు, ఆ మాట నాది కాదనుకో."

"మీదే లెండి, నా చెవులతో నేనే విన్నాను. అయినా మీ వాటంగానే మడుద్దాం."

"వద్దు, నీదే."

"మీదే అంటున్నానా."

"మాస్టారి కాగితంలో బొమ్మ కూడా నీ వాటంగానే ఉంది."

"బొమ్మకేం తెలుసండీ. మీదే."

మాటామాటా పెరిగింది. దుప్పటి నాటి గొడవ కంటే ఇదే పెద్దదయ్యేలా ఉంది. అత్తగారు ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసి, ఎడమ చేత్తో బల్ల మీద ఒక్క చరుపు చరిచింది.

"ఈ బంతి కట్టాల్సింది నేను," అంది. "నాకు మిగిలింది ఈ చెయ్యి ఒక్కటే. ఎడమ వాటమే. ఇంక నోళ్లు మూయండి."

మీరు వాటా అనుకున్నది వాటం అత్తయ్యా, అని అతను ఎర్ర సున్నా చూపించబోయాడు. ఆవిడ అద్దాలు కనపడటం లేదంది. అద్దాలు ముక్కు మీదే ఉన్నాయి.

కాబట్టి అతని పదిహేను ముక్కలే మళ్లీ మడవాలి, అదీ అతని సొంత వాటంగా. ఎడమ చెయ్యి అలవోకగా కానిచ్చే పని, పది నిమిషాలు పట్టదు. ఆమె కుర్చీ అతని పక్కకు లాక్కుని కూర్చుంది. నేనూ నాలుగు మడవనా అని అడిగింది. అక్కర్లేదు, నువ్వు చెప్పు, అన్నాడు అతను. ఏం చెప్పాలంది. ఏదైనా చెప్పమన్నాడు.

ఇక మొదలుపెట్టింది. పంతొమ్మిది రోజుల కబుర్లు లోపల ఎలా దాచుకుందో గానీ ఒక్కటీ పాడవలేదు. మేస్త్రీ కొత్త అద్దాలు జిగురు గిన్నెలో పడటం, వాటిని వెతుక్కోవడానికి ఆయనకు అద్దాలే లేకపోవడం, పెళ్లి కార్డుల కవర్లన్నీ అంగుళం పొట్టిగా కోసేయడం, ఆ తప్పు ఎవరిదో తేల్చడానికి ముగ్గురు కలిసి నాలుగో మనిషిని నిందించడం. అతను ఊ కొడుతున్నాడు. ఒక మడత పెట్టి, గీత సరిచూసుకుని, మళ్లీ గోటితో రుద్ది, ఆ ముక్కను దూరంగా పెట్టి చూసుకుని, నెమ్మదిగా రెండోది తీస్తున్నాడు. ఇంకా ఎన్ని బాబూ, అని అత్తగారు అడిగింది. పదకొండున్నాయి అత్తయ్యా, అన్నాడు. కాసేపయ్యాక మళ్లీ అడిగితే పదే అన్నాడు.

ఆమె కబురు జిగురు గిన్నె నుంచి గుమాస్తా గొడుగు దాకా వచ్చింది. అతను మడవడం పూర్తయిన ముక్కను ఒకదాన్ని చడీచప్పుడు లేకుండా విప్పి మళ్లీ మొదటి నుంచీ మడవసాగాడు.

"ఆ ముక్కను మూడోసారి మడుస్తున్నారు, చూస్తూనే ఉన్నాను లెండి," అంది ఆమె. అని, గొడుగు సంగతి ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి మళ్లీ అందుకుంది.